నిలబెట్టి తీసిన ఫోటో

"ఆ స్టూలు ముట్టకు" అంది బుచ్చమ్మ.

నవనీత అప్పటికే దాన్ని చాప పక్కకు లాగింది. గచ్చు మీద కర్రకాళ్లు గీసుకున్నాయి. ఆ చప్పుడు ఆ ఇంట్లో వినపడక చాలా ఏళ్లయింది. సజ్జ మీద మూలకు తోసి, పైన గోనెసంచులు పేర్చి దాచిన స్టూలును కోడలు ఎప్పుడు దించిందో, ఎప్పుడు బూజు తుడిచిందో తెలియదు.

"కూసోని చేసుకుంట అత్తమ్మా. కింద మోకరిస్తే మళ్ల లేస్తలేను."

"ఈ ఇంట్ల కూసోని ప్రార్థన చేసుడు లేదు."

"దేవునికి లేని పట్టింపు నీకేంది?"

"దేవుని సంగతి నీకేమెరుక? మొన్న మొన్న బాప్తిస్మం తీసుకున్నదానివి."

"మొన్ననా? బిడ్డ గురుకులంల ఆరు చదువుతుంది. ఇంకా మొన్ననే అయితే నేను పాతదాన్నయ్యేది ఎన్నడు?"

ఏసుబాబు తలుపు దగ్గర ఆటో తాళం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. నేరేడుచర్ల పోయే మొదటి ట్రిప్పుకు జనం రోడ్డు మీద ఎదురుచూస్తుంటారు. అయినా పొద్దుటి ప్రార్థన కాకుండా గడప దాటడం ఆ ఇంట్లో అలవాటు లేదు. అతను తల్లి వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు. స్టూలు మీద చూపు పడగానే మొహం తిప్పుకున్నాడు.

"నొప్పి అంటుంది గదమ్మా."

"నొప్పి ఉంటే ఎక్స్‌రే ఫోటోల కనవడాలె. తీపిచ్చింది నువ్వే. తెచ్చి నా చేతుల పెట్టింది నువ్వే. ఎముక మంచిగుందన్నడు గా ఫోటో తీసిన పిలగాడు. మంచిగున్న మోకాలు వంగనంటుందంటే, వంగనిది మోకాలు కాదు."

ఆ మాట కొత్తది కాదు. పోయిన ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, పాస్టరయ్య ముందు, సంఘపెద్దల ముందు బుచ్చమ్మ అదే మాట అంది. నా కోడలి మోకాలికి రోగం లేదు, మనసే మళ్లింది, పుట్టింటి మైసమ్మ దిక్కు మళ్లింది అంది. ఎక్స్‌రే ఫిలింను కిటికీ వెలుతురుకు పట్టి ఒక్కొక్కరికీ చూపించింది. అందరూ చూశారు. ఎముక తెల్లగా, నిండుగా, చూడముచ్చటగా ఉంది.

వచ్చే ఆదివారం పెద్దలు కూర్చుంటారు. నవనీత అందరి ముందు మోకరించి తప్పు ఒప్పుకోవాలి. లేదంటే మిర్యాలగూడలోని తల్లిగారింటికి పంపాలి, మనసు కుదుటపడ్డాక తెచ్చుకోవాలి. అలా పంపిన మనిషి తిరిగి వచ్చింది ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

బయట ట్రాలీ ఆటో ఆగింది. నాట్లకు పోయే ఆడవాళ్లు నిండుగా ఉన్నారు. అందులోంచి ఒక గొంతు, "మోకాళ్ల మహారాణి లేసిందా? ఇయ్యాల గూడ సెలవేనా?" అంది. నవ్వులు వినిపించాయి. ఆటో వెళ్లిపోయింది.

నవనీత స్టూలు మీద కూర్చుంది.

బుచ్చమ్మ చాప మీద మోకరించింది. ఆమె మోకాళ్లూ అరిగినవే. లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. పళ్లు బిగించి కళ్లు మూసుకుంది. ఏసుబాబు తల్లి పక్కన మోకరించాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషికి సరిపడా చాప ఖాళీగా ఉంది. ప్రతి పొద్దునా చాప పరిచేటప్పుడు బుచ్చమ్మ ఆ జాగా వదులుతుంది. ఎందుకు వదులుతుందో కొడుకు అడగడు.

"ప్రభువా, ఈ ఇంటిని నీ రెక్కల కింద..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

మూసిన కళ్ల వెనుక స్టూలు కనిపిస్తోంది. దాని మీద ఒక వీపు. నవనీతది కాదు. వెడల్పాటి వీపు, మెడ దగ్గర చిరిగిన బనీను.

ఆమె మొగుడు ఈదయ్య కూడా ఒక పొద్దున ఏమీ చెప్పకుండా ఇదే స్టూలు తెచ్చుకుని ఇదే చోట కూర్చున్నాడు. లేచేటప్పుడు రెండు చేతులూ తొడల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎవరో వెనక నుంచి లేపుతున్నట్టు లేచేవాడు. కొన్నాళ్లకు సంచి భుజాన వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి బుచ్చమ్మది ఒకటే నమ్మకం. ఇల్లు విడిచిపోయే మనిషి ముందుగా మోకరించడం మానేస్తాడు.

నవనీత స్టూలు మీద నుంచి లేచింది. రెండు చేతులూ తొడల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి.

ఆ పొద్దున ఎవరూ ఆమేన్ అనలేదు.

"ఇయ్యాల ఆటో తియ్య" అన్నాడు ఏసుబాబు, ఉన్నట్టుండి. "సూర్యాపేటకు పోదాం. ఎముకల డాక్టరమ్మకు చూపిద్దాం. అమ్మా, నువ్వు గూడ రావాలె."

"నేనెందుకురా?"

"ఆదివారం చెప్పేది నువ్వే గదా. ఏం చెప్పాలెనో అక్కడ నీ చెవులతోని ఇను."

నవనీత గోడకు ఆనుకుని నిలబడింది. "నేను రాను. మళ్ల ఫోటో తీస్తరు. మళ్ల మంచిగుందంటరు. ఒక్కసారి అబద్ధాలదాన్నయిన, సాలు."

"నా మాట ఇను" అన్నాడు ఏసుబాబు.

"ఎన్నిసార్లు ఇనాలె?"

ఆమె లోపలికి పోయింది. బయటికి వచ్చేసరికి చేతిలో బట్టల సంచి ఉంది.

"దవాఖానకు బట్టలెందుకే?" అంది బుచ్చమ్మ.

"వాళ్లేం చెప్తరో తెల్వదు గదా అత్తమ్మా. రెండిటికీ తయారుగ ఉంట."

బుచ్చమ్మ ఆ సంచి వంక చూసి, చప్పున తలుపు వంక చూసింది. తలుపు తెరిచే ఉంది.

*

ఆటో కుదుపులకు మోకాలు ఓర్చుకోదని బస్సులో వచ్చారు. డాక్టరమ్మ పాత ఫిలింను లైటు పెట్టె మీద పెట్టి కాసేపు చూసింది.

"ఇది పడుకోబెట్టి తీసిన్రా?"

ఏసుబాబు కుర్చీ అంచుకు జరిగాడు.

"నిలబెట్టి తీయమని చెప్పలేదా అక్కడ?"

"నిలబడమనే అన్నడు మేడం" అన్నాడు ఏసుబాబు. "నేనే వద్దన్న. అప్పటికే నడవలేక కుంటుతుంది. పాపమనిపిచ్చి, పడుకోబెట్టి తియ్యరాదే అన్నా అని బతిమిలాడిన."

"పాపమని చేసినవ్ గానీ, పడుకున్న మోకాలి మీద బరువు పడదు. బరువు పడకపోతే ఎముకల నడుమ సందు మంచిగనే కనిపిస్తది. నిలబడినప్పుడు తెలుస్తది ఎక్కడ అరిగిందో."

నవనీత మొగుడి వైపు చూసింది. కోపంగా కాదు. ఆ చూపును అతను తట్టుకోలేకపోయాడు.

"ఫ్లోరిన్ నీళ్లేమో మేడం" అంది బుచ్చమ్మ. "మా దిక్కు ఏ ఎముక నొప్పయినా గదే అంటరు."

"అదయితే వేరే తీరుగ కనవడ్తదమ్మా. ఇంకో ఫోటో తీయించండి, నిలబెట్టి. స్కానింగ్ గూడ చేయించండి. ఎక్స్‌రేల ఎముక కనిపిస్తది గానీ, ఎముక మీది మెత్త కనిపియ్యదు. మొదట్ల ఉన్న రోగం స్కానింగ్‌లనే దొరుకుతది."

నవనీత గోడ పట్టుకుని ఫోటో గదిలోకి పోయింది. తరువాత స్కానింగ్ గదిలోకి. తలుపు మూశారు. కాసేపటికి లోపల నుంచి దడదడా చప్పుడు మొదలైంది. ఎవరో మూసిన ఇంటి తలుపును అదేపనిగా కొడుతున్నట్టుంది.

బుచ్చమ్మ బెంచీ మీద, కొడుక్కి జానెడు దూరంలో కూర్చుంది. బట్టల సంచి ఇద్దరి మధ్యా ఉంది.

"నాయిన గూడ గదే స్టూలు తెచ్చుకున్నడు" అన్నాడు ఏసుబాబు.

"ఆయన ముచ్చట తియ్యకు."

"పొద్దుగాల ప్రార్థనల నీకు గూడ యాదికొచ్చింది. నాకెరుకే."

"తియ్యకు అన్న."

"అప్పుడు గూడ నువ్వు గిదే మాటన్నవమ్మా. మనసు మళ్లిందని. గా పెద్దల ముందటనే అన్నవ్. నేను నీ పక్కన్నే ఉన్న."

లోపల చప్పుడు ఆగింది. ఇద్దరూ తలుపు వైపు చూశారు. మళ్లీ మొదలైంది.

"నేనబద్ధం చెప్పలే" అంది బుచ్చమ్మ. "పోయిండు గదా."

"నువ్వన్నంక పోయిండు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురు బెంచీ మీద ఒక ముసలాయన కర్రకు గడ్డం ఆనించి నిద్రపోతున్నాడు. మెడ దగ్గర చొక్కా చిరిగి ఉంది. అతన్ని చూడకుండా ఉండటానికి ఆమె చాలా ప్రయత్నించింది. చూస్తూనే ఉంది.

*

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ కొత్త ఫిలిములు వెలుతురులో పెట్టింది.

"ఇది నిలబెట్టి తీసింది. లోపలి దిక్కు సందు చూడండి, బయటి దిక్కు చూడండి. కొద్దిగ తేడా. తెలిసినోళ్లు చూస్తేనే తెలుస్తది."

బుచ్చమ్మ కళ్లు చిట్లించింది. ఆమెకు తేడా కనపడలేదు.

"ఇది స్కానింగ్. ఇక్కడ ఎముక. ఎముక మీద మెత్త ఉంటది, రెండు ఎముకలు రాసుకోకుంట. అది పలుచబడ్డది. దాని కింద ఎముకల ఈ తెల్లటి మరక చూసిన్రా? అది వాపు. ఎముకకు దెబ్బ తగులుతుందని అర్థం. మోకాళ్ల అరుగుడు. ఇప్పుడే మొదలు."

ఈసారి బుచ్చమ్మకు కనపడింది. నల్లటి ఫిలింలో, ఎముక అంచున, మసక మసకగా తెల్లటి మచ్చ. చీకటి గదిలో మాట్లాడకుండా కూర్చున్న మనిషిలా ఉంది.

"ఈ వయసులనా?" అన్నాడు ఏసుబాబు. "ముప్పై అయిదు గూడ లేవు."

"చిన్నప్పటిసంది నాట్లేస్తుందా?"

"పదమూడేండ్లప్పటిసంది" అంది నవనీత. అక్కడికి వచ్చాక ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"బురదల వంగుడు, మోకాలు మెలిపడుడు, అన్నీ కలిసినయ్. పోయిన మెత్త తిరిగి రాదు. కానీ తొందరగ దొరికింది కాబట్టి ఉన్నది కాపాడుకోవచ్చు. తొడ కండకు బలమొచ్చే కసరత్తు చెప్తరు, రోజూ చేయాలె. నాట్లు బంద్. గొంతుకూసునుడు బంద్."

"మోకరించుడు?" అంది బుచ్చమ్మ.

"అది గూడ వద్దు. కుర్చీల కూసోని ప్రార్థన చేసుకుంటే దేవుడేమన్న వద్దంటడా?"

బుచ్చమ్మ ఫిలిం వంక చూస్తూనే అడిగింది. "ఎప్పటిసంది ఉన్నదో గీ ఫోటోల తెలుస్తదా మేడం?"

"తారీఖు ఫోటోల ఉండదమ్మా. నొప్పి ఎప్పటిసంది అని ఆమె చెప్తే, అప్పటిసంది."

నవనీత తల వంచుకుంది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు ఒకటి ఆమె గొంతులోంచి వచ్చింది.

అందరూ లేచారు. బుచ్చమ్మ తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"పాత నొప్పి ఉంటది మేడం. ఎన్నో ఏండ్ల కిందిది. ఎన్నడూ ఫోటో తియ్యంది. ఇప్పుడు తీస్తే తేలుతదా, అప్పుడు నిజంగనే ఉండెనా అని?"

"ఎవరికమ్మా? మనిషిని తీసుకరండి, చూద్దాం."

బుచ్చమ్మ కొంగు సర్దుకుని బయటికి నడిచింది.

*

సూర్యాపేట బస్టాండులో ఊరి బస్సుకు ఇంకా టైముంది. నవనీత ఆగకుండా, కుంటుకుంటూ మిర్యాలగూడ బస్సు నిలిచే చోటికి పోయింది. ఏసుబాబు వెనకాల ఉరికాడు.

"గిటెందుకే? ఫోటోల తేలింది గదా."

"తేలింది. తేలకపోతే?"

అతను బట్టల సంచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"గా తెల్ల మరక లేకపోతే నేనేమయ్యేదాన్ని? చెప్పు. ఆదివారం పోయి, లేస్తలేని మోకాళ్ల మీద కూలబడి, చెయ్యని తప్పు ఒప్పుకునేదాన్ని. నొప్పి నాదే, నోరూ నాదే. నేను చెప్తే మీరిద్దరు ఇనలే. ఫిలిం చెప్తే ఇన్నరు."

"నేను నమ్మిన నిన్ను."

"నమ్మినవ్. నమ్మి సప్పుడు చెయ్యకుంట నిలవడ్డవ్."

బుచ్చమ్మ ఆయాసపడుతూ వచ్చింది. నవనీత ఆమె వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"అత్తమ్మా, నా మనసు మళ్లిందని నువ్వు అందరి ముందట అన్నవ్. ఆదివారం అందరి ముందట నిలబడి, నా కోడలు చెప్పింది నిజం, నేనన్నది తప్పు అను. అంటవా? అంటనంటే ఆదివారం పొద్దుగాల మన ఊరి బస్సు ఎక్కుత. అననంటే, మైసమ్మ ఉన్న తావుకు నేనే పోయిన అని చెప్పుకో. నీ మాట నిలబడ్తది."

అనడానికి చిన్న మాటే. బుచ్చమ్మ నాలుక దాకా వచ్చింది.

కానీ ఆ మాట ఒక్క నవనీతతో ఆగదు. మోకరించని మనిషికి మనసు మళ్లిందని కాదు, మోకాలు నొచ్చి ఉండవచ్చు అని ఆమె నిలబడి చెప్తే, చర్చిలో పాతవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందరికీ ఇంకో స్టూలు గుర్తుకొస్తుంది. ఏళ్ల తరబడి దేవుడు విడగొట్టాడని ఆమె చెప్పుకున్న సంసారాన్ని ఎవరు విడగొట్టారో, ఎవరూ అడగకుండానే తేలిపోతుంది. నిజం తెలియకపోయినా తేలిపోతుంది. నిజం ఆమెకు కూడా తెలియదు.

"అంటవా?" అంది నవనీత మళ్లీ.

"నేను... ఒక మాట కనుక్కోవాలె ముందుగాల."

"ఇంకేం కనుక్కుంటవ్ అత్తమ్మా. ఎముక లోపటి దాక సూసొచ్చినవ్."

బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. నవనీత రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, మంచి కాలు పైన వేసి, రెండోది లాక్కోబోయి ఆగింది. బుచ్చమ్మ చెయ్యి తనంతట తానే పోయి కోడలి మోచేతిని పట్టుకుంది. నవనీత ఆ చేతిని విదిలించలేదు. దాని మీద బరువూ వెయ్యలేదు. ఎక్కింది.

కిటికీలో ఆమె తల కనిపించింది. ఇటు తిరగలేదు. బస్సు మలుపు తిరిగేదాకా బుచ్చమ్మ చూస్తూనే ఉంది. పోయే మనిషిని కళ్లారా చూడటం ఆమెకు అదే మొదటిసారి. ముందు పోయినాయన తలుపు చప్పుడు కూడా వినపడనివ్వలేదు.

"అమ్మా, మన బస్సు వచ్చింది" అన్నాడు ఏసుబాబు. అతని కళ్లు ఎర్రబడ్డాయి.

"నువ్వు పో. నేను కోదాడ పోతున్న."

అతను అర్థం కానట్టు చూశాడు. తరువాత అర్థమైంది.

"నాయిన పనిచేసే గోదాము యాడుందో ఎరుకేనా నీకు?"

"విత్తనాల గోదాము. బైపాస్ కాడ. ఆటోలోళ్లు నీకు చెప్పినప్పుడల్లా నాకు గూడ ఇనవడ్డది."

"నేను రావాల్నా?"

"వద్దు. నువ్వు పక్కన్నుంటే ఆయన నిజం చెప్పడు. కొడుకు ముందట నొప్పి అంటడా ఎవరన్న?"

బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే, ఆధార్ కార్డు చూపించి కోదాడ అంది. ఆ ఊరి పేరు ఎన్నో ఏళ్లుగా ఆమె నోట రాలేదు. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. దాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. అడగాల్సిన మాటను దారి పొడుగునా లోపల సర్దుకుంది. నాకెందుకు చెప్పలేదు అని మొదలుపెట్టాలి. కాదు, ఎందుకు పోయినవ్ అని. కాదు. ఆమె అడగలేదు కాబట్టే అతను చెప్పలేదేమో. ఆ ఆలోచన రాగానే దిగిపోదామనిపించింది. బస్సు వేగంగా పోతోంది.

కోదాడలో వాన పడుతోంది. గోదాము ఎదురుగా టీ కొట్టు ఆమె, "వాచ్‌మెన్ ఈదయ్య గారా? ఆ రేకుల కింద కూర్చుంటారు చూడండి. మీరు చుట్టాలా?" అంది.

బుచ్చమ్మ అప్పటికే రోడ్డు దాటుతోంది.

రేకుల కింద ఒక మనిషి ప్లాస్టిక్ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. చేతులు రెండూ ఒళ్లో జోడించి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నాడు. ఆ పెదవుల కదలిక ఆమెకు తెలుసు. మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా తెలుసు. అయ్యేదాకా వానలో నిలబడింది.

కళ్లు తెరిచి చూశాడు. చాలాసేపు చూశాడు.

లేవబోయాడు. రెండు చేతులూ తొడల మీద ఆనించాడు. ఊపిరి బిగబట్టాడు. సగం లేచి, ఆగి, మొహం పక్కకు తిప్పుకున్నాడు, నొప్పి ఆమెకు కనపడకుండా.

సర్దుకుని తెచ్చుకున్న మాటలన్నీ పోయాయి.

"ఎప్పటిసంది?" అంది బుచ్చమ్మ.

ఈదయ్య గోడ పట్టుకుని నిలబడి, కుర్చీని మెల్లగా ఆమె వైపు జరిపాడు.

అక్కడ ఒక్కటే కుర్చీ ఉంది.